గెడ్డకు అవతలి మంద

మా ఆయన వైకుంఠరావుకు జాలి ఎక్కువ. ఆ మాట ఊళ్లో అందరూ మెచ్చుకుంటూ అంటారు. కాపురం చేసేదాన్ని కాబట్టి నేను అంత తేలిగ్గా అనలేను. జాలిగుండె మనిషి పక్కన కాస్త రాతిగుండె మనిషి ఉంటేనే ఇల్లు గడుస్తుంది. మా ఇంట్లో ఆ రెండో ఉద్యోగం నాది.

ఈసారి ఆయన జాలి ఒక గొర్రెపిల్ల మీదికి మళ్లింది. మా తోడికోడలు బంగారమ్మక్క గొర్రె ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. దాని పిల్లకు ఇంకా గడ్డి కొరికే వయసు రాలేదు. తల్లి కోసం అది పొద్దస్తమానం అరుస్తుంటే మా ఆయనకు ముద్ద దిగలేదు. సంతకు వెళ్లి ఒక పాలగొర్రెను కొనుక్కొచ్చారు. దాని పిల్ల ఈమధ్యే పోయిందట, పొదుగు నిండుగా ఉందట, ఇంతకంటే ఏం కావాలి అన్నారు. ఆ పిల్ల ఎందుకు పోయిందని ఆయన అడగలేదు. అమ్మినవాడు చెప్పనూ లేదు.

కొత్త గొర్రెను మా వాళ్లు మంద నడిమికి తోలుతారు. అంచున వదిలితే తెల్లారేసరికి పాతదారి వెతుక్కుంటూ పోతుందని భయం. అన్నిటి ఒంటి వాసనా పట్టాలి, అప్పుడే అది మనదవుతుంది. కొత్త కోడల్ని వీధరుగు మీద పడుకోబెడతామా అని మా అత్త అనేది. ఆ ప్రకారమే ఈ గొర్రెనూ నడిమధ్యకు తోశారు. తడికల్లో ఎనభైకి పైగా గొర్రెలు, ఒకదాని ముక్కు ఇంకోదాని ముక్కుకు తగిలేంత ఇరుకు. పిల్ల కాసేపు వాసన చూసి పొదుగు అందుకుంది. అప్పుడు మా ఆయన ముఖం చూసినవాళ్లు ఎవరూ ఆయన్ని తిట్టలేరు. నేనూ తిట్టలేదు.

మాది ఉద్దానంలో అక్కుపల్లికి ఈవల చిన్న ఊరు. మంద ఒకటే, గొర్రెలు మాత్రం రెండిళ్లవి. చెవి కొస కోసినవి అక్కవి, చెవి పక్కన చీలిక పెట్టినవి మావి. బావగారు ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిపే కాసేవారు. కిడ్నీ జబ్బుతో పలాస ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి బావగారు పోయాక, అక్క తన వాటా అమ్మేస్తుందని ఊరంతా అనుకుంది. ఆమె అమ్మలేదు. పదో రోజు వెళ్లగానే కర్ర పట్టుకుని మరిది వెనకాల తోటల్లోకి నడిచింది. ఆ గొర్రెల మీదే ఆమె కూతురు భాగ్యశ్రీ టెక్కలిలో నర్సింగు చదువుతోంది.

మంద పెద్దదైతేనే కొబ్బరితోటల రైతులు పిలుస్తారు. రాత్రిళ్లు తమ తోటలో గొర్రెల్ని పడుకోబెట్టించుకుని, ఆ ఎరువుకు బదులు బియ్యమో ధాన్యమో ఇస్తారు. సగం మందను పిలిచేవాడు ఉండడు. అందుకని ఆ మంద ఒక్కటిగా, ప్రాణాలతో ఉంటేనే అక్క ఇల్లు నిలబడుతుంది. మా ఇల్లు కూడా అంతే, ఆ సంగతి మా ఆయన పైకి ఒప్పుకోరు గానీ.

వారం తిరక్కుండానే కొత్త గొర్రె ముక్కు కారడం మొదలుపెట్టింది.

"మంచు పడతన్నాది కదా, పడిశం పట్టుంటాది" అన్నారు మా ఆయన.

ఆ తర్వాత దాని దగ్గర పాలు తాగే పిల్లకు కారింది. తర్వాత ఆ పక్క నాలుగింటికి. కళ్లు పుసులు కట్టాయి. మేతకు వెళ్లిన గొర్రెలు నోరు పెట్టకుండా నిలబడిపోయేవి. అక్క ఒకదాని దవడ విప్పి చూసింది. చిగుళ్ల మీద తెల్లగా పొక్కి ఉంది, వాసన కొట్టింది. మర్నాటికి వెనకాల కాళ్ల మీదంతా పారుతోంది.

"ఇది పడిశం కాదు వైకుంటం, పారుడు" అంది అక్క.

పారుడు రోగం వచ్చిన మంద ఎలా ఉంటుందో మా ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఉండి చూశారు. అక్కే పశువుల డాక్టరమ్మ యామినికి ఫోను చేసింది. ఆవిడ వేరే ఊళ్లో టీకాలు వేస్తోందట. దగ్గేవాటినీ పారేవాటినీ ఇప్పుడే దూరంగా తీసుకెళ్లి కట్టండి, రేపు పొద్దున్నే వస్తానని చెప్పింది.

చెప్పినంత తేలిక కాదు అది. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి గొర్రె ఇంకొకరి కాపలాలో చస్తే, కాసినవాడు దాని చెవి కోసి తెచ్చి సొంతదారుకు చూపించాలి. నీ గొర్రెను నేను అమ్ముకోలేదు, కోసుకు తినలేదు, ఇదిగో నీ గుర్తు అని జవాబు చెప్పుకోవాలి. ఏడాదికి ఒకటో రెండో అయితే ఎవరికీ బాధ లేదు. మంచి గొర్రెలకు ఒకరు, జబ్బు గొర్రెలకు ఒకరు అని పంచుకుంటే, జబ్బువాటిని పట్టుకున్నవాడు చెవులు మోయలేక చస్తాడు.

"నీ గొర్రిలు నా సేతిలో సచ్చిపోతే ఎన్ని సెవులు తెచ్చి సూపించాలి వదినా? ఏ మొగం పెట్టుకోని సూపించాలి?" అన్నారు మా ఆయన. "ఎవులి గొర్రిలు ఆలే సూసుకుందాం. నీ జబ్బువి నీ దగ్గిర ఓ మూల కట్టుకో, నావి నా దగ్గిర కట్టుకుంతాను."

అక్క తడిక కట్టు విప్పడం మొదలుపెట్టింది. ఆయన గొంతులో కోపం లేదు. భయం ఉంది. నాకు ఆ క్షణాన ఇద్దరి మీదా ఒళ్లు మండింది. నోరు విప్పి ఒకరికొకరు చెప్పుకోరు, గొర్రెల్ని అడ్డం పెట్టుకుని బాధపడతారు.

ఆ సాయంత్రం చెవులు చూసి మందను విడదీశాం. నేనూ సాయం పట్టాను. ఒక్కోదాని చెవి తడిమి, కొస కోసింది అటు, చీలిక ఉన్నది ఇటు. పుట్టినప్పటి నుంచీ పక్కపక్కనే పడుకున్నవి కదా, తడికల మీంచి దూకి కలిసిపోయేవి. మళ్లీ పట్టి లాగేవాళ్లం. తల్లి లేని ఆ పిల్ల అక్కది, పాలిచ్చే గొర్రె మాది. వాటినీ విడదీశాం. మా ఆయన కొన్నది దానికోసమే. కొన్న చేతులతోనే దాని నోటి దగ్గర్నుంచి పొదుగు లాగేశారు. చీకటి పడేసరికి తోటకు చెరో పక్కనా రెండు మందలు, రెండిట్లోనూ దగ్గులే.

పొద్దున్నే డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, నవ్వుతూ మాట్లాడుతుంది గానీ పని దగ్గర నవ్వదు. రెండు మందల్నీ చూసి, మంచిపని చేశారని అంటూనే ఆగిపోయింది.

"రెండు చోట్లా దగ్గుతున్నాయేంటి? ఏం చూసి విడదీశారు?"

నేనే చెప్పాను.

"సెవులు సూసి."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మమ్మల్ని చూసి నవ్వలేదు, అందుకు నేను ఇప్పటికీ ఆవిడను గౌరవిస్తాను.

"నాదీ తప్పే. దూరంగా కట్టమన్నాను, అందరివీ కలిపి ఒకే చోట అని చెప్పలేదు" అంది. "అమ్మా, ఇలా ఉంచితే రెండు మందలూ పోతాయి. ఇది ముక్కు నీళ్లతో, దగ్గుతో, పేడతో పక్కదానికి అంటుతుంది. ఆస్తి పంపకం తర్వాత చూసుకోండి. ముందు జబ్బును ఒక పక్కకి తియ్యాలి."

ఒక్కోదానికీ జ్వరం చూసింది. ముక్కు కారేవి, జ్వరం తగిలినవి ఒక వైపు, ఏమీ లేనివి ఇంకో వైపు. ఏమీ లేనివాటికి టీకా వేసింది. ఇప్పటికే లోపల జబ్బు ఉన్నవాటిని టీకా ఆపలేదని, ఇంకొన్ని పడతాయని, పడ్డదాన్ని పడ్డట్టే అవతలికి పంపాలని చెప్పింది. కొత్తగా కొన్నదాన్ని మూడు వారాలైనా విడిగా కట్టి చూశాకే మందలో కలపాలని కూడా చెప్పింది. ఆ మాట విని మా ఆయన నేల చూశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ ఎప్పుడో ఒకప్పుడు పట్టుకోవాలి కదా.

"ఇంకొకటి. జబ్బువాటిని చూసే మనిషి మంచివాటి దగ్గరికి రాకూడదు. బట్టలకీ చెప్పులకీ అంటుకుని వస్తుంది. ఎవరు ఎటో మీరే తేల్చుకోండి."

జబ్బు పక్కన చేరినవాటిలో ఎక్కువ భాగం చెవి కొస కోసినవే. ఆ పాలగొర్రె మొదటి రోజు నుంచీ అక్క గొర్రెపిల్లల మధ్యనే పడుకుంది మరి.

"నాను ఎల్తాను. నా గొర్రిలే ఎక్కువ" అంది అక్క.

"తెచ్చింది నాను. నానే ఎల్తాను" అన్నారు మా ఆయన. అన్నారే గానీ కదల్లేదు. ఆ గొర్రెల్నే చూస్తూ నిలబడ్డారు. వాటిలో ఎన్ని తిరిగొస్తాయో ఆయన కళ్లు అప్పుడే చూసేస్తున్నాయి. "కానీ వదినా, జవాబు..."

బంగారమ్మక్క పొట్టి మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది, అసలు మాట్లాడటమే తక్కువ. ఆ పొద్దు మాత్రం మరిది ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీ అన్న పోయినప్పుడు పక్కనెవులున్నారు?"

"నానే ఉన్నాను కదా వదినా."

"నాను బస్సు దిగి వొచ్చేసరికి అంతా అయిపోనాది. ఏటయ్యింది, ఎలాగ పోనాడు, నువ్వేటి సేత్తన్నావు అనీసి నిన్ను జవాబు అడిగినానా?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"నా మనిసి నీ సేతిలో పోనాడు. అప్పుడు అడగనిదాన్ని, గొర్రికి అడుగుతానేటి? ఎల్లు. ఆటికి నీళ్లు పట్టు. బతికింది బతుకుతాది."

డాక్టరమ్మ అటు తిరిగి సూదులు సర్దుకుంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. ఇద్దరి ఇళ్లల్లోనూ ఆ చావు గురించి ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. అది మాట్లాడుకోవడానికి పారుడు రావలసి వచ్చింది.

జబ్బు మందను ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి గొడవ. చుట్టూ గొర్రెలూ మేకలూ లేని చోటు కావాలంది డాక్టరమ్మ. ఆ వారం మా మంద తారకేశ్వరరావుగారి కొబ్బరితోటలో పడుకోవలసి ఉంది. రాలేమని చెప్పడానికి నేనే వెళ్లాను. తుఫానులో పోగా మిగిలిన చెట్లకు ఎరువు లేకపోతే ఎలాగని ఆయన మొదట రుసరుసలాడారు. కాసేపు కండువాతో ముఖం తుడుచుకుని, సముద్రం పక్కన ఆయనకున్న సరుగుడు తోటలో పెట్టుకోమన్నారు. మా ఊరి వాగు, గెడ్డ అంటాం, అది దాటితే ఆ తోట. అవతల ఇసుక, ఆ తర్వాత సముద్రం. బోరు కూడా ఉంది.

మా ఆయన ఆ మధ్యాహ్నమే గెడ్డ దాటారు. నడవలేని రెండింటిని భుజాన మోసుకుని మళ్లీ మళ్లీ నీళ్లలోకి దిగారు. తల్లి లేని పిల్లకూ జ్వరం ఉంది కాబట్టి అదీ పాలగొర్రె వెనకాలే వెళ్లింది. మళ్లీ రెండూ ఒక చోటికి చేరాయి, అదొక్కటే నాకు ఆ రోజు తోచిన మంచి.

కబురు ఎలా పాకుతుందో గానీ, రెండో రోజుకే ఒక బేరగాడు బండేసుకుని వచ్చాడు. దగ్గినా ఫరవాలేదు, ఎంతో కొంతకు తోలుకుపోతానన్నాడు. నేను గెడ్డకు ఇవతల ఉన్నాను, మాటలు వినబడుతున్నాయి. నిజం చెప్పొద్దూ, ఇచ్చేయమని అరవబోయాను. వచ్చిందే దక్కుడు అనిపించింది. మా ఆయన మాత్రం లేవకుండానే చెప్పారు.

"నువ్వు తోలుకెల్లి ఏ సంతలో నిలబెడతావో నాకు తెల్దు. నాకూ ఇలాగే ఎవుడో అమ్మినాడు. ఎల్లిపో."

జాలి ఎక్కువని చెప్పాను కదా. ఊరూ పేరూ తెలియని మంద మీద కూడా ఆయనకు జాలే. ఆ రోజు ఆ జాలిని తిట్టుకోలేదు నేను.

అప్పటి నుంచి మా బతుకు గెడ్డకు అటూ ఇటూ అయింది. నేనూ అక్కా ఇవతల మంచి మందను చూసుకునేవాళ్లం. చెరువు దగ్గరికి తోలకుండా, ఊళ్లో మేకలకు దూరంగా, ఒకే తోటలో ఉంచి ఆకు కోసి వేసేవాళ్లం. మొదట్లో పొద్దున లేచేసరికి ఒకటో రెండో ముక్కు కార్చుకుంటూ కనిపించేవి. కనిపించగానే అక్క దాన్ని గెడ్డ దాకా తోలి, అవతల నిలబడ్డ మరిది వైపు నీళ్లలోకి అదిలించేది. అటు పోయేవే గానీ ఇటు వచ్చేది ఒక్కటీ లేదు.

అన్నం అరిటాకులో కట్టి, గెడ్డ నడుమ ఉన్న బండ మీద పెట్టి నేను వెనక్కి వచ్చేసేదాన్ని. అప్పుడు ఆయన వచ్చి తీసుకునేవారు. గిన్నె అటు వెళ్తే మళ్లీ ఇటు రావాలి, అందుకని ఆకు. కట్టుకున్న మొగుడికి దూరం నుంచి ముద్ద పెట్టి పారిపోయి రావడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆయన ముఖం రోజురోజుకీ పీక్కుపోయింది. గడ్డం పెరిగింది. గొర్రెల నోళ్లు ఉప్పునీళ్లతో కడిగి, జావ కాచి పోస్తున్నానని అరిచి చెప్పేవారు. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చేవారు. ఆ సంగతి చెప్పేవారు కాదు. పార పట్టి పట్టి బొబ్బలెక్కిన చేతులే చెప్పేవి.

ఒక పొద్దున ఆయన అన్నం తీసుకోకుండా అవతలి గట్టు మీద నిలబడ్డారు. పంచె కొంగులో ఏదో మూట ఉంది. అక్కను పిలవమన్నారు. అక్క వచ్చింది. ఆయన మూట విప్పి చేత్తో పైకెత్తారు. చెవులు.

"వదినా, ఇయ్యి నీవి. సిన్నపిల్లది లేదు, దానికి ఇంకా గుర్తు పడలేదు కదా. అది కూడా పోనాది. సూడు."

తల్లి లేని పిల్ల పోయిందని అలా తెలిసింది నాకు. అక్క చూడలేదు. చెవులు కనబడగానే వీపు తిప్పేసి సరుగుడు తోటకు ఎదురు దిక్కున నిలబడింది.

"నాను సూడను. పూడ్సీ."

"ఒక్కపాలి సూడు వదినా. నాకు పడుకుంటే నిద్ర పట్టనేదు."

"సూడనని సెప్పినాను కదా. సూత్తే లెక్క అడిగినట్టే. పూడ్సీసి, సేతులు కడుక్కోని అన్నం తిను."

ఆయన చాలాసేపు చెయ్యి దించలేదు. ఆమె ఇటు తిరగలేదు. చివరికి ఆయనే వెళ్లి పార తీసుకున్నారు. పార ఇసుకలో దిగిన చప్పుడు వినబడ్డాక గానీ అక్క ఇటు తిరగలేదు. ఆమె రవికె ముందు భాగమంతా తడిసిపోయి ఉంది.

ఆ తర్వాత ఇవతల కొత్తగా ఏదీ పడలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. నోటితో అంటే దిష్టి తగులుతుందని నేనూ అక్కా ఆ మాటే ఎత్తలేదు. డాక్టరమ్మ మళ్లీ వచ్చి అన్నిటికీ జ్వరం చూసింది. ఒక్కటీ తగల్లేదు. ఒక ముసలి గొర్రె ఆవిడ చున్నీ నమిలితే ఆకలి పుట్టిందని ఆవిడ సంబరపడింది. అవతల బతికినవి కూడా మేస్తున్నాయట, కానీ అవి ఇటు రావడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది, తొందరపడొద్దు అంది. వైకుంఠరావుగారు కూడా అప్పటిదాకా అక్కడే అని నా వైపు చూసి చెప్పింది.

ఆ సాయంత్రం అన్నం మూట తీసుకుని నేనూ అక్కా ఇద్దరం గెడ్డకు వెళ్లాం. సముద్రం పోటు మీద ఉండి గెడ్డలో నీళ్లు బండ అంచుదాకా ఎక్కాయి. మా ఆయన అప్పటికే గట్టు మీద ఉన్నారు. అవతల సగానికి పైగా పోయాయి. అందులో ఎక్కువ అక్కవే. ఇవతల నిలబడ్డవాటిలో ఎక్కువ మావి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆయన నా వైపు చూడకుండా ఆమె వైపే చూసి అడిగారు.

"డాక్టరమ్మ ఏటన్నాది వదినా? నీయి ఎలాగున్నాయి, మాయి ఎలాగున్నాయి?"

"మన మంద బాగున్నాది" అంది అక్క. "ఒక్కటి కూడా దగ్గనేదు. నువ్వు ఆటిని తోలుకోనొత్తే కలిపీసుకుందాం. వొచ్చే ఏడుకి మళ్లీ నిండిపోతాది."

గోతుల మీద గోతులు తీసినన్నాళ్లూ ఏడవని మనిషి, బతికాయన్న మాట విని ఇసుకలో కూలబడి ఏడ్చారు. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని ఏడ్చారు. నేను ఎప్పుడు నీళ్లలోకి దిగానో నాకే తెలియదు. మోకాళ్ల దాకా దిగాక అక్క వెనకనుంచి నా జబ్బ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఇటు రాకు కుసుమా" అన్నారు ఆయన, ముఖం మీంచి చేతులు తియ్యకుండానే.

"రాను మావా" అన్నాను. "ఇక్కడే ఉన్నాను. ఏడువు."